తడి ఆరాక చూడండి

ఈతకొలను, టికెట్ల గది
వానలు మొదలైన వారం

డాక్టరుగారికి,

నువ్వు దొంగవి. మామూలు దొంగవి కూడా కాదు, ఇచ్చిన చర్మాన్ని మళ్ళీ ఒంటి మీంచి ఒలుచుకుపోయిన దొంగవి. ముందు ఈ మాట చదువు. కుర్చీలో సర్దుకుని కూర్చోవడం తర్వాత.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "చూద్దాం అక్కా" అంటావు. కాగితానికైతే జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోతే, చెప్పలేదన్న సంగతి నల్లగా మిగులుతుంది. అందుకని ఉత్తరం. జరిగింది నీకు తెలియనిది కాదు, అయినా వరసగా రాస్తాను. రేపు దీన్ని మూడో మనిషి చదివినా అర్థం కావాలి.

నేను ఈత నేర్పే మనిషిని. నలభై దాటాక సోరియాసిస్ పట్టుకుంది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, పిక్కల మీద చేప పొలుసుల్లా లేచేది. సొరచేప అని పిల్లలు నాకు ఎప్పుడో పెట్టిన పేరు అప్పుడు సార్థకమైంది. నువ్వు వేలువిడిచిన తమ్ముడివి, చర్మం డాక్టరువి. "మా ఆసుపత్రిలో కొత్త సూదిమందు మీద పరిశోధన నడుస్తోంది, చేరు అక్కా" అన్నావు. చేరాను. మందు పనిచేసింది, కాదనను. మోకాళ్ళు దాచుకోకుండా కొలను గట్టు మీద నడిచిన రోజు నేను ఏడ్చిన సంగతి నీకు మాత్రమే తెలుసు.

ఆ తర్వాత రెండో భాగం అన్నారు. పూర్తిగా తగ్గినవాళ్ళకు మందు ఆపి, ఎన్నాళ్ళకు తిరగబెడుతుందో చూస్తారట. ఇంకా మిగిలినవాళ్ళకు మందు ఇస్తూ పోతారట. నన్ను "పూర్తిగా తగ్గింది" అన్న గుంపులో వేసి సూది ఆపేశారు. తిరగబెట్టింది. రాసుకున్నారు. పరిశోధన ముగిసింది. మందు బజారుకు రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుందట. నువ్వు పై ఉద్యోగానికి పై అంతస్తుకు వెళ్ళిపోయావు. ఏరు దాటాక తెప్ప తగలేశారంటారే, ఇక్కడ ఆ తెప్పను నేను.

ఇప్పుడు మొదటికన్నా ఎక్కువగా వచ్చింది. నేను దిగిన నీళ్ళలోకి పిల్లల్ని పంపేది లేదని తల్లులు మొరాయించారు. మా మేనేజరు, అదే, ఈల తప్ప గొంతు లేని ఈలసారు, "మేడమ్, కొన్నాళ్ళు గట్టు మీంచి నేర్పండి" అని చేతికి ఒక పొడుగు కర్ర ఇచ్చాడు. గట్టు మీంచి ఈత నేర్పడమంటే కాగితం మీద అన్నం వండటం.

ఇది అంటుకునే జబ్బు కాదని మా వీధి డాక్టరు రాసిచ్చాడు. తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకోలేదు. "ఆవిడ ఏదో కొత్త మందు ఎక్కించుకుంది, దాని సంగతి ఆ మందు పెట్టిన డాక్టరే చెప్పాలి" అన్నారు. అంటే నువ్వు. ఒక్క పేజీ చాలు. రాసి పంపు.

ఇట్లు,
నీ పేషెంటు

◆

పరిశోధన కార్యాలయం, ఆరో అంతస్తు

అక్కకు,

నీ ఉత్తరం అందింది. కోపంగా రాశావు. నీ కోపం నాకు కొత్తకాదు కాబట్టి బాధపడలేదు.

మందు ఆపాక జబ్బు తిరగబెట్టడం మేము ఊహించినదే. ఆపి చూడకపోతే మందు ఎంతకాలం పనిచేస్తుందో తెలిసేదెలా? అలా తెలిస్తేనే రేపు వేలమందికి ఎప్పుడు సూది వేయాలో చెప్పగలం. ఇదంతా నీకు ముందే చదివి వినిపించాను, నువ్వు సరే అన్నావు. ప్రస్తుతానికి ఒక పూతమందు రాసి పంపుతున్నాను. స్నానం కాగానే రాసుకో. గోకవద్దు. నీళ్ళలో ఎక్కువసేపు ఉండకపోవడం కూడా ఒకందుకు మంచిదే.

ఆ లేఖ విషయం. అంటువ్యాధి కాదన్నది ఏ చర్మం డాక్టరు చెప్పినా ఒకటే. నేను రాయడంకన్నా బయటివాళ్ళు రాస్తే బాగుంటుంది. ఇక్కడ కొన్ని పద్ధతులున్నాయి. చూద్దాం.

ఇక్కడ వాన లేదు. కిటికీలు తెరుచుకోవు, ఉన్నా తెలియదు.

తమ్ముడు

◆

ఈతకొలను, గట్టు

ఆరో అంతస్తు వారికి,

మళ్ళీ "చూద్దాం". నీళ్ళు నేను వదిలేశాను, నువ్వు నములుతున్నావు.

నీళ్ళలో ఉండకపోవడం మంచిదన్నావు. చేపకు నువ్వు ఇచ్చే సలహా బాగుంది. నిన్న ఏం జరిగిందో విను. ఒక తల్లి వచ్చింది, గొడుగు పట్టుకుని, గట్టుకు నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"టీచరుగారూ, ఏమీ అనుకోకండి, మా పాపది సున్నితమైన చర్మమండీ."

"మరి నాది గేదె తోలాండీ?"

"అయ్యో, అలా అంటారేంటండీ. మీరంటే మాకెంత గౌరవమో!"

"ఆ గౌరవం నాలుగడుగుల దూరం నుంచే ఉంటుందా? దగ్గరకు రాదా?"

"మీరు ఊరికే మాటలు పెంచుతారు."

"సరే, తుంచుతాను. పాప చేతులు ఎలా ఆడించాలో మీరు నీళ్ళలో దిగి పట్టుకు చూపించండి, నేను ఇక్కణ్ణించి చెబుతాను."

"నాకు ఈత రాదండీ!"

"నాకొచ్చండీ!"

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. పాపను మాత్రం తీసుకుపోయింది. మొరటుగా తిడితే తిరిగి తిట్టొచ్చు. మర్యాదగా వెలివేస్తే ఏం చేస్తాం రా?

ఇప్పుడు నీ సైన్సు సంగతి. వేలమంది కోసమన్నావు. బాగుంది. నేను సైన్సుకు ఎదురు తిరిగే మనిషిని కాదు. పసరు మందులవాళ్ళనూ, తాయెత్తులవాళ్ళనూ ఈ గట్టు మీదే చీల్చి చెండాడిన దాన్ని. అందుకే అడిగే హక్కుంది. ఆ వేలమందిలో నేను లేనా? వేలమందికి మేలు చేస్తామని ఒక్కొక్కరినీ గట్టు మీద నిలబెట్టుకుంటూ పోతే, చివరికి ఆ వేలమంది ఎక్కడుంటారు? గట్టు మీదేగా!

ఇంకొకటి. కూర్చుని కూర్చుని గుర్తుకొచ్చింది. కర్ర పట్టుకున్నవాళ్ళకు ఆలోచించడానికి తీరిక ఎక్కువ. మందు ఆపిన రోజున నా పిక్కల మీద జబ్బు ఇంకా ఉంది. నల్లద్రాక్ష రంగులో, అరచేయంత. నేను చూపిస్తే, "అది మచ్చే అక్కా, జబ్బు పోయి రంగు మిగిలింది, అదీ పోతుంది" అన్నావు. సూది కోసం వచ్చి మీ వరండాలో నా పక్కన కూర్చునే బస్సు కండక్టరుకూ నడుం మీద అలాగే ఉండేది. అతనికీ అదే మాట చెప్పావట, అతనికీ ఆపేశావు. ఇప్పుడతను టికెట్లు కొడుతుంటే జనం చిల్లర చేతిలో పెట్టకుండా సీటు మీద పెడుతున్నారట.

మచ్చయితే దురద ఎందుకు పెట్టింది? మాది పూర్తిగా తగ్గిందని నీకెవరు చెప్పారు? దీనికి జవాబు రాయి. పూతమందు సంగతి మళ్ళీ ఎత్తకు.

అక్క
(పేషెంటు అని రాయబోయి ఆగాను. తొందరపడి సంతోషించకు.)

◆

ఇంటి నుంచి

అక్కా,

రెండు వారాలు ఆలస్యమైంది. నీ ఉత్తరం అందాక పాత ఫొటోలు తెప్పించుకుని చూశాను. ఆఫీసు నుంచి ఇది రాయలేను.

జబ్బు ఎంత ఉందో మేము మూడు చూసి లెక్కకడతాం. ఎరుపు, పొలుసు, మందం. ఎరుపుకు ఒక రంగుల అట్ట ఉంటుంది, లేత గులాబీ నుంచి ముదురెరుపు దాకా. చర్మం పక్కన పెట్టి పోల్చాలి. ఆ అట్ట మీదున్న చర్మాలన్నీ తెల్లవి, అక్కా. మన రంగు మీద ఎరుపు ఎర్రగా కనిపించదు. ఊదాగానో బూడిదగానో కనిపిస్తుంది. జబ్బు తగ్గాక మిగిలే మచ్చా అదే రంగులో ఉంటుంది. అట్టతో పోలిస్తే రెండూ సున్నాయే. ఇది నాకు తెలియదా? తెలుసు. పుస్తకంలో చదివాను, ఏటా కొత్త డాక్టర్లకు పాఠం చెప్పాను కూడా.

ఇక పొలుసు. నీ ఫొటోల్లో పొలుసు అన్నది లేదు. మొదట సంతోషపడ్డాను, నేను తప్పు రాయలేదని. తర్వాత నీ జుట్టు చూశాను. ప్రతి ఫొటోలోనూ తడిగా ఉంది. నువ్వు గదిలోకి రాగానే క్లోరిన్ వాసన వచ్చేది, నర్సు కిటికీ తీసేది. నువ్వు కొలను నుంచి నేరుగా వచ్చేదానివా? గంటలకొద్దీ నానిన చర్మం మీద పొలుసు నిలవదు.

మిగిలింది మందం. దానికి చెయ్యి వేసి తడమాలి. జబ్బు ఉంటే వేలికి గట్టు తగులుతుంది, ఉత్త మచ్చయితే చదునుగా ఉంటుంది. ఒక్క నిమిషం పని. నేను తడమలేదు. అక్కవి కదా అని మొహమాటమో, తగ్గిందని రాయాలన్న ఆత్రమో. నీకు తగ్గిందని చెప్పుకోవడం నాకెంత గొప్పగా ఉండేదో నీకు తెలియదు.

నేను ఆ లేఖ ఎందుకు రాయలేదో కూడా విను. ఆప్తులను పరీక్షించే పని మాకు ఇవ్వరు. వేలువిడిచిన చుట్టరికం కదా, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఈతకొలనుకు నా పేరుతో లేఖ వెళితే ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఇదంతా బయటికొస్తుంది.

తిట్టు. ఆ పూతమందు సంగతి మాత్రం ఎత్తుతాను, వాడుతున్నావా?

తమ్ముడు

◆

ఇంటి వంటగది

తమ్ముడికి,

తిడదామనే కూర్చున్నాను. పూతమందు వాడుతున్నాను, అది వేరే సంగతి.

అవును, కొలను నుంచి నేరుగానే వచ్చేదాన్ని. మధ్యాహ్నం పిల్లల తరగతికీ సాయంత్రం పెద్దల తరగతికీ నడుమ దొరికే ఖాళీ అది. బస్సు దిగి, మీ వరండా కుళాయి దగ్గర మోచేతులు తువ్వాలుతో రుద్దుకుని, నూనె చుక్క రాసుకుని లోపలికి వచ్చేదాన్ని. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకోమూ, అలాగ. పొలుసులు రాల్చుకుంటూ నీ గదిలోకి రావడం నాకు సిగ్గు. "ఎలా ఉందక్కా" అని నువ్వు ముఖం వెలిగించుకుని అడిగితే, "భేషుగ్గా ఉందిరా" అనేదాన్ని. దురద ఉండేది. లేదన్నాను. పక్కన నర్సులుండగా మా తమ్ముడి మందు పనిచేయలేదని నా నోటితో ఎలా అంటాను?

అయితే ఇందులో నాకు వాటా పంచకు. తిలాపాపం తలా పిడికెడు అని తప్పించుకునే దారి నీకు ఇవ్వను. జబ్బుపడ్డ మనిషి డాక్టరు ముందు మంచి మాటే చెబుతుంది. అది లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఆ మంచి మాట వెనకాల ఏముందో చూడటానికే కదా మీకు అన్నేళ్ళ చదువు!

నీకు బుడగ అన్న పేరు ఎలా వచ్చిందో గుర్తుందా? నీకు ఈత నేర్పిన కొత్తల్లో లోతువైపు జారావు. "ఏరా, బాగానే ఉన్నావా" అని అరిచాను. "బాగానే ఉన్నానక్కా" అన్నావు, ఆ మాట సగం బుడగలుగా పైకొచ్చింది. నేను నీ మాట నమ్మలేదు. జుట్టు పట్టుకుని పైకి లాగాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు, అందరిముందూ పరువు తీశానని.

నేను బాగానే ఉన్నానంటే నువ్వెందుకు నమ్మావురా?

ఇక్కడి సంగతి చెప్పి ముగిస్తాను. పిల్లల తరగతులు తీసేశారు. పెద్దల తరగతి మిగిలింది. అందులో ఒక రిటైరైన జడ్జిగారున్నాడు, ఈత రాదు, మొండితనం వచ్చు. "మీరు దిగకపోతే నేనూ దిగను" అని గట్టు మీద నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరం ఎండిపోయి కొలను వైపు చూస్తుంటాం. ఈలసారు వచ్చి, "సార్, మీరు కట్టింది ఈత కోసం" అంటే, "తీర్పు రిజర్వులో ఉంది" అన్నాడు. నవ్వొచ్చింది. అయితే ఆయనా ఎన్నాళ్ళు కూర్చుంటాడు? నెలాఖరు ఆదివారం కమిటీ సమావేశం. నన్ను శాశ్వతంగా టికెట్ల కిటికీలో కూర్చోబెట్టాలని తీర్మానమట. ఆ రోజు దాటితే నీ లేఖ వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే.

అక్క

◆

ఇంటి నుంచి

అక్కా,

చెప్పేశాను. పరిశోధన పర్యవేక్షించే సంఘం ముందు నిలబడి, చుట్టరికం సంగతి, అట్ట సంగతి, తడి సంగతి, తడమని సంగతి అన్నీ చెప్పాను. కండక్టరు ఫొటోలూ, మన రంగువాళ్ళ ఫొటోలు ఇంకా కొన్నీ పరిచి చూపించాను. సరిదిద్దుతారనుకున్నాను. మీ ఇద్దరికీ మళ్ళీ మందు మొదలుపెడతారనుకున్నాను.

వాళ్ళు చాలా మర్యాదగా విన్నారు. నన్ను ఈ పనిలోంచి తప్పించారు. అది న్యాయమే. అట్ట విషయం "తర్వాతి పరిశోధనలో పరిశీలిద్దాం" అన్నారు. నీ విషయంలో మాత్రం, పరీక్షించినవాడు బంధువు కాబట్టి నీ ఫలితాలు చెల్లవన్నారు. లెక్కలోంచి నిన్ను పూర్తిగా తీసేశారు. నువ్వు వేయించుకున్న సూదులు, ఇచ్చిన రక్తం, తగ్గడం, తిరగబెట్టడం, ఏదీ జరగనట్టే. నిజం చెబితే నీకు మేలు జరుగుతుందనుకున్నాను. ఉన్న ఆనవాలు కూడా నా నోటితోనే చెరిపించాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

లేఖ గురించి అడిగాను. నా మీద పెట్టిన విచారణ ముగిసేదాకా నేనేదీ రాయకూడదని మా లాయరు అన్నాడు. ఒట్టి తమ్ముడిగా రాస్తే మీ కమిటీ నమ్మదు. మొదటి ఉత్తరం అందినప్పుడే రాసి ఉంటే సరిపోయేది. అప్పుడు నాకు చేతకాలేదు, ఇప్పుడు వీల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ఎందుకు నమ్మావని అడిగావు. నమ్మితే సుఖంగా ఉండింది, అంతే.

క్షమించమని అడిగే ముఖం లేదు. నేనేం చేయాలో చెప్పు.

బుడగ

◆

ఈతకొలను, గట్టు
వాన వెలిసింది

ఒరేయ్ బుడగా,

ఏం చేయాలో చెప్పమన్నావు కదా. ఇన్నాళ్ళకు ఒక సూటి మాట అడిగావు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చేతిలో ఉన్న కర్ర విరగ్గొట్టాను. ఈలసారు ఈల కూడా వేయలేదు పాపం. రెండోసారి చదివి ఏడ్చాను. నా చర్మం పోయినందుకు కాదు, దానికి అలవాటుపడ్డాను. జరిగిందంతా జరగలేదని ఎవరో మర్యాదగా కూర్చుని తీర్మానించినందుకు. గొడుగావిడ నాలుగడుగుల దూరంలో నిలబడింది. మీవాళ్ళు నన్ను లెక్కకే రానివ్వలేదు.

నీకిక శిక్ష వేయను. నిన్ను చూస్తే బాధగా ఉంది. ఈ చర్మం మళ్ళీ బాగుపడుతుందో లేదో తెలియదు. నువ్వు రాయని ఆ పేజీ గురించి నేను అనుకోని రోజంటూ ఇకముందు ఉండదు. నీకూ అంతేనేమో. దాన్ని అలా ఉండనీ.

అయితే బాధపడి ఊరుకునే అలవాటు మన ఇంటావంటా లేదు. కండక్టరూ నేనూ కూర్చుని ఇవి రాశాం. జడ్జిగారు భాష దిద్దబోతే వద్దన్నాం. మొదటి ఆరూ మీ సంఘానికి. చివరి రెండూ నీకు.

1. నన్ను లెక్కలోంచి తీసేయకండి. తప్పును సరిదిద్ది, తప్పు జరిగిందని పక్కన రాసి, లెక్కలోనే ఉంచండి. దానివల్ల మీ మందు కాస్త తక్కువగా కనిపిస్తే కనిపించనీయండి.

2. మీ పరిశోధనకు ఒళ్ళప్పగించిన ప్రతి మనిషికీ, మందు పనిచేసిందని తేలితే, అది బజారుకు వచ్చేదాకా ఇవ్వండి. కండక్టరుతో మొదలుపెట్టండి.

3. ఆ రంగుల అట్ట మార్చండి. తర్వాతి పరిశోధనలో కాదు, దీని లెక్కల్లోనే. మా రంగు చర్మం ఎలా ఉంటుందో తెలియకపోతే నా పిక్కలు ఫొటో తీసుకోండి. ముఖంతో సహా తీసుకోండి, నాకేం సిగ్గులేదు.

4. తడి ఆరాక చూడండి. మనిషిని కాసేపు కూర్చోబెట్టి, నూనె తుడిచి, అప్పుడు చూడండి.

5. చూసి ఊరుకోకండి. చెయ్యి వేసి తడమండి.

6. "బాగుంది" అంటే నమ్మకండి. ఇంకోసారి అడగండి. అయినవాళ్ళయితే వేరేవాళ్ళ చేత అడిగించండి.

7. ఆదివారం నువ్వు రా. లేఖ రాయకూడదన్నారు కానీ ఈత కొట్టకూడదని నీ లాయరు అనలేదుగా. కమిటీ అంతా గట్టు మీద కూర్చుని ఉండగా నాతోపాటు నీళ్ళలోకి దిగు. మునిగితే నేనున్నాను.

8. తువ్వాలు నేను తెస్తాను. ఒకటే తెస్తాను. నేను తుడుచుకున్నాక దానితోనే నువ్వు తుడుచుకో.

అక్క